నేల బండికి, గోడ సామానుకు

ప్రొద్దుటూరులోనో, జమ్మలమడుగులోనో, పులివెందులలోనో కొత్త ఇళ్లున్న వీధిలో పొద్దుగూకాక ఒకసారి నడిచి చూడండి. కార్లన్నీ రోడ్డు మీద, ప్రహరీ గోడ వారగా నిలబడి ఉంటాయి. వాటి కోసమే కట్టించిన పోర్టికోలోనో, పక్కనున్న రేకుల షెడ్డులోనో పాత కూలరు, పగిలిన డ్రమ్ము, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన టైల్స్ పెట్టెలు, సెంట్రింగ్ చెక్కలు, పిల్లలు తొక్కడం మానేసిన సైకిలు, డ్రిప్పు పైపుల చుట్టలు పేరుకుని ఉంటాయి. లక్షలు పోసి కొన్న బండి ఎండలో మాడుతుంది. పాత ఇనుప సామాన్ల కొట్టులో వేస్తే వందలు కూడా రాని వస్తువు నీడన ఉంటుంది. ఎవరినడిగినా ఇల్లు చాలడం లేదంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఉన్న జాగాలో ఎక్కువ భాగాన్ని మనం వాడనే వాడటం లేదు. నేలను మాత్రమే జాగాగా లెక్కేసుకుని, గోడల్ని వదిలేస్తున్నాం.

లెక్క వేసి చూద్దాం. పదడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు, పదడుగుల ఎత్తున్న పోర్టికో ఒకటి అనుకోండి. మన వీధుల్లో ఎక్కువగా తిరిగే చిన్నకార్ల పొడవు 4 మీటర్లు దాటదు. 2006 బడ్జెట్టులో ఆ కొలత లోపలి చిన్నకార్లకు ఎక్సైజు సుంకం తగ్గించారు, అప్పటి నుంచి కంపెనీలు ఆ హద్దు దాటకుండా చాలా మోడళ్లు తయారు చేస్తున్నాయి. అంటే పొడవు సుమారు 13 అడుగులు, వెడల్పు 6 లోపు, ఎత్తు 5. నేల మీద చూస్తే కారు సగం చోటు ఆక్రమించినట్టు కనిపిస్తుంది, అందుకే మనకు ఊపిరాడదు. ఘనపుటడుగుల్లో చూస్తే మొత్తం 1500. అందులో కారుకు పోయేది 390. కారును ఒక పక్కకు జరిపి నిలిపి, డ్రైవరు తలుపు తెరుచుకోవడానికి రెండున్నర అడుగులు వదిలినా, మిగిలిన గోడ పొడవునా అడుగున్నర లోతున అరలు వేసుకోవచ్చు. నాలుగు వరసలు వేస్తే 90 చదరపుటడుగులు. అది ఒక చిన్న గదంత చోటు, అదీ కారును బయటికి పంపకుండానే.

చోటు పెంచితే సమస్య తీరుతుందనుకోవడం కూడా పొరపాటే. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 32 మధ్యతరగతి కుటుంబాల ఇళ్లను వస్తువు వస్తువు చొప్పున ఫొటోలు తీసి, లెక్కపెట్టి, 2012లో పుస్తకం వేశారు. ఆ కుటుంబాల్లో నాలుగింట మూడొంతుల మందికి గ్యారేజీలో కారు పెట్టే చోటు లేదు. గ్యారేజీలకు కొరత లేని దేశంలో సంగతి ఇది. నేల ఎంత ఉంటే అంత మేరా సామాను పరుచుకుంటుంది. దాన్ని అడ్డుకునేది విస్తీర్ణం కాదు, ఏ వస్తువు ఎక్కడుండాలన్న కట్టుబాటు.

ఆ కట్టుబాటు నేర్చుకోవడానికి మనం దూరం పోనక్కర్లేదు. బట్టల, బంగారం వ్యాపారాల వల్ల రెండో బొంబాయి అనిపించుకున్న ప్రొద్దుటూరులో పాతకాలపు బట్టల కొట్టు ఒక్కటి చూస్తే చాలు. ముందు వెడల్పు తక్కువ, సరుకు మాత్రం పెళ్లికి సరిపడా దొరుకుతుంది. నేల మీద తెల్లగుడ్డ పరిచిన పరుపు తప్ప ఏమీ ఉండదు, ఎందుకంటే వ్యాపారమంతా జరిగేది అక్కడే. సరుకంతా గోడలకు, కప్పు దాకా ఉంటుంది. రోజూ అమ్ముడుపోయే చీరలు కూర్చున్నవాడి చేతికి అందే ఎత్తులో, పెళ్లిళ్ల కాలంలో తీసే పట్టు పైన, ఏడాదికోసారి కదిలేది నిచ్చెన వేస్తే గానీ అందని చోట. వంద చీరలు విప్పి చూపించినా, కొట్టు కట్టేసే లోగా మళ్లీ మడతపడి దేని అరలోకి అది వెళ్లిపోతుంది. పోర్టికోకు కావలసిన శాస్త్రమంతా ఇందులో ఉంది. బండి నిలిచే నేలను ఖాళీగా ఉంచడం, ఎంత తరచుగా కావాలన్న దాన్ని బట్టి ఎత్తు నిర్ణయించడం, తీసిన వస్తువును పొద్దుపోయేలోగా తిరిగి పెట్టడం. చిన్న పనిముట్ల విషయంలో ఇంకో మంచి పద్ధతి ఉంది. అమెరికాలో వంటల పుస్తకాలతో పేరుపొందిన జూలియా చైల్డ్ వంటింటి గోడకు ఆమె భర్త పాల్ చిల్లుల పలక బిగించి, ఏ బాణలి ఎక్కడ తగిలించాలో దాని ఆకారం చుట్టూ గీత గీసిపెట్టాడు. ఆ వంటిల్లు ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వారి మ్యూజియంలో ఉంది. పానాలు, పట్టకారు, సుత్తి, స్క్రూడ్రైవర్లకు మనమూ అలా గీసుకుంటే, ఏది తిరిగి రాలేదో ఖాళీ గీతే చెబుతుంది.

మన పాత మిద్దె ఇళ్లకూ ఈ సంగతి తెలుసు. మందపాటి గోడలో గూళ్లు, గోడకు కొయ్యలు, దూలానికి ఉట్టి, పైన అటక, భూమిలో జొన్న పాతర. చెదలు, ఎలుకలు, చెమ్మ ఉన్న చోట వస్తువును నేల మీద వదిలితే అది మిగలదని తెలిసిన ఇళ్లవి. గండికోటలో ధాన్యాగారానికి ఎత్తైన కమాను కప్పుతో ప్రత్యేకంగా ఒక కట్టడమే కట్టుకున్నారు. సిమెంటు ఇళ్లు వచ్చాక గోడ పలచబడింది, గూడు మాయమైంది, దాని బదులు ఏం పెట్టాలో మాత్రం ఆలోచించలేదు.

బదులుగా పెట్టుకోదగ్గది మన కాళ్ల కిందే ఉంది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల నాపరాయి పొరలు పొరలుగా పరుచుకుని ఉంటుంది. ముంబయి, పుణె వంటిళ్లలో గట్టుకూ అరలకూ వేసే నల్లబండను అక్కడివాళ్లు కడప్పా అనే పిలుస్తారు. మన కడప జిల్లా పేరుతో అంత దూరాన అరలుగా నిలబడిన రాయిని, ఇక్కడ మనం ఎక్కువగా నేల మీదే పరుచుకుంటున్నాం. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. బండకు చెద పట్టదు, తుప్పు రాదు, వానజల్లు కొట్టినా ఉబ్బదు. ప్లైవుడ్డు అర మన చెదలకు ఎన్నాళ్లు ఆగుతుందో ఇక్కడి వాళ్లకు చెప్పనక్కర్లేదు. బండకూ లోపాలున్నాయి, అవి తెలిసే వాడాలి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంగుళం మందం ఉన్న బండ ఒక్కటే సుమారు 37 కిలోలు తూగుతుంది. వంగే గుణం లేదు కాబట్టి బరువు ఎక్కువైతే ఒక్కసారిగా విరుగుతుంది. రెండు, రెండున్నర అడుగులకొక ఆధారం ఉండాల్సిందే. నాలుగున్నర అంగుళాల గోడకు గాడి కొట్టి బండ దూర్చడం కంటే, నిలువుబండలు నిలిపి వాటి మీద అడ్డబండలు పరవడం మేలు, బరువంతా నేల మీదికి దిగుతుంది. నాపరాయి సున్నపురాయే కనుక ఆసిడ్ పడితే తినేస్తుంది. బాత్రూము ఆసిడ్ సీసా బండ మీద పెట్టాలంటే కింద ప్లాస్టిక్ ట్రే తప్పనిసరి.

పులివెందుల వైపు ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. చీనీ, అరటి తోటలున్నవాళ్లు చాలామంది టౌనులో కాపురముంటారు, సేద్యపు సామాను ఇంటి షెడ్డులోకే వస్తుంది. 2003లో సూక్ష్మసేద్యం పథకం మొదలైనప్పటి నుంచి డ్రిప్పు పైపులు ప్రతి ఇంటి సామానైపోయాయి. వీటిని ఎండలో వదిలితే పెళుసుబారతాయి, నేల మీద వదిలితే ఎలుకలు కొరుకుతాయి. చుట్టి, గోడకు తలకంటే ఎత్తున కొక్కేలకు తగిలించాలి. పురుగుమందులకు మాత్రం ఎత్తు ఒక్కటే రక్షణ కాదు, తాళం కావాలి. దాణా, బియ్యం ఉన్న అరకు పైన మందు డబ్బా ఎప్పుడూ ఉండకూడదు, మందుల్లోనూ పొడులు పైన, ద్రవాలు కింద. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపేసింది. అలాంటి పాత డబ్బా ఏదైనా కుప్ప అడుగున ఉంటే, నేల ఖాళీ చేసేదాకా బయటపడదు. చిందరవందరను నేను అందం చందం వ్యవహారంగా చూడకపోవడానికి కారణం ఇదే. సెల్లారులో గ్యాసు సిలిండరు పెట్టడం కూడా అంతే ప్రమాదం. వంటగ్యాసు గాలికంటే బరువైనది, కారితే పైకి పోకుండా అడుగున గూడుకట్టుకుంటుంది. చార్జి అయ్యేటప్పుడు ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ అందుకు విరుద్ధంగా పైకి లేస్తుంది, కనుక బ్యాటరీ ఉన్న చోట గాలి ఆడాలి, దాని నెత్తిన అర ఉండకూడదు. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లలో రేకుల కిందా, శ్లాబు కిందా ఉన్న అటక మీద పెయింటు, థిన్నరు పెట్టకూడదు. అక్కడికి గుడ్డలు, పాత్రలు, పండగ సామాను ఎక్కించండి.

అరలెందుకు, పారేస్తే సరిపోదా అనే వాదన ఈమధ్య బలంగా వినిపిస్తోంది. సగం నిజమే. కాని ఏడాదికి సగటున 700 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, 1876-78 నాటి ధాత కరువును తరతరాలుగా తలుచుకున్న నేల మీద, దాచుకోవడాన్ని జబ్బుగా చూడటం నాకు నచ్చదు. కాలిపోయిన మోటారులోని రాగితీగకు విలువ ఉంది, మిగిలిన పైపుముక్క రేపు తోటలో పనికొస్తుంది. తేడా ఇంకోచోట ఉంది. పాతరలోని జొన్నలు దాచింది తినడానికి, అవి బయటికొచ్చేవి. మన షెడ్డులోకి పోయింది తిరిగి రావడం లేదు. ఇదివరకు ఏటా పండగ ముందు ఇంటికి సున్నం కొట్టేవారు, అప్పుడు ప్రతి కుండా, ప్రతి మూటా వాకిట్లోకి రావలసిందే. ఆ ఒక్కరోజు ఏది పనికొస్తుందో, ఏది చెడిందో ఇంటిల్లిపాదీ చూసేవారు. ఇప్పుడు వేసే రంగులు ఏళ్ల తరబడి నిలుస్తున్నాయి, దాంతో ఖాళీ చేసే సందర్భమే పోయింది. ఉగాదికి ముందు వచ్చే ఆదివారం ఒకటి ఆ పనికి కేటాయిస్తే, పారేయాలా వద్దా అన్న ప్రశ్న చాలామటుకు దానంతట అదే తేలిపోతుంది. రెండు పండగల పాటు ముట్టనిది అమ్మేయడమో, అవసరమున్నవారికి ఇచ్చేయడమో చేయవచ్చు.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు గోడకు మేకు కూడా కొట్టలేరన్నది న్యాయమైన అభ్యంతరం. వాళ్లకు చిల్లుల ఇనుప యాంగిళ్లతో బిగించే ర్యాకులు ఉన్నాయి, ఇల్లు మారినప్పుడు విప్పుకుపోవచ్చు. పోర్టికోలో జల్లు పడుతుంది కనుక కాళ్ల కింద బండముక్క వేస్తే తుప్పు ఆలస్యమవుతుంది. బరువైనవి కింది అరలో పెడితే ర్యాకు తూలదు. సొంతిల్లు కట్టుకునేవాళ్లకు ఖర్చు అడ్డంకి కానక్కర్లేదు. ఇంటి ఫ్లోరింగుకు బండలు దించుకునేటప్పుడే అరలకు సరిపడా మరికొన్ని దించుకోవచ్చు. ప్లాన్ మీద పోర్టికోలో కారు బొమ్మ గీసేటప్పుడే పక్కన అరల గీత కూడా గీయించి, నిలువుబండలు ఎక్కడెక్కడ రావాలో గచ్చు వేయకముందే మేస్త్రీకి చూపించాలి. గచ్చయ్యాక అడిగితే పగలగొట్టాలంటాడు.