విడాకులా, విమోచనా?

1984లో వచ్చిన ‘ఇర్రికన్సిలబుల్ డిఫరెన్సెస్’ చిత్రంలో కేసీ అనే చిన్నపిల్ల తల్లిదండ్రుల నుండి విడాకులు కోరుతూ కాలిఫోర్నియా కోర్టుకెక్కుతుంది. హాలీవుడ్ వ్యామోహంలో తనను మరచిన వారిద్దరినీ బోనెక్కించి, ఇంట్లో పనిచేసే మరియా దగ్గర ఉంటానంటుంది. దర్శకుడు చార్లెస్ షయర్ చేతిలో ఈ ఊహ రక్తి కట్టిందిగానీ, న్యాయపరంగా రెండు వేర్వేరు సంగతులు కలగాపులగమయ్యాయి. మరియా వద్దకు చేరడం సంరక్షకుల మార్పు. మైనరు విమోచన అంటే అసలు సంరక్షకులే లేకపోవడం.

విమోచనకు ఆ రాష్ట్ర కుటుంబ చట్టం అడిగేవి వేరు. కనీసం 14 ఏళ్ళుండాలి. తల్లిదండ్రుల సమ్మతితోనో, కనీసం వారి అభ్యంతరం లేకుండానో విడిగా బతుకుతూ ఉండాలి. డబ్బు వ్యవహారాలు తానే చూసుకోవాలి. ఆ ఆదాయం నేరం వల్ల వచ్చినది కారాదు. తల్లిదండ్రులు ఎంత చెడ్డవారన్న ప్రశ్న ఈ షరతులలో లేనే లేదు! చిత్రం పెద్దలను విచారిస్తే, చట్టం పిల్లల జమాఖర్చులను విచారిస్తుంది. మంజూరైతే ఒప్పందాలపై సంతకమూ, వైద్యానికి సొంత సమ్మతీ చెల్లుతాయి. ఓటు మాత్రం 18 దాకా రాదు. పోషణభారం నుండి తల్లిదండ్రులకూ విముక్తి దొరుకుతుంది. ఈ చేదును చిత్రం తాకలేదు.

కేసీగా నటించిన డ్రూ బారీమోర్ నిజజీవితంలో 14 ఏళ్ళకే విమోచన పొందింది. అప్పటికే ఆమె ‘ఈ.టీ.’ తార, సొంత సంపాదన గల పిల్ల. దెబ్బలు తాళలేక ఇల్లు విడిచిన, అద్దె కట్టుకోలేని పిల్లకు ఈ తలుపు తెరుచుకోదు. ఆమెకు మిగిలేది బాలల సంరక్షణ కోర్టు.