ప్రాస చెప్పే కాలం

పద్యం గట్టిగా చదువుతున్నప్పుడు నా చెవి ముందుగా ప్రాస దగ్గరికే పోతుంది. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరంగా ఒకే హల్లు రావాలన్న నియమమది. ఛందోగ్రంథంలో అదొక లక్షణం, అంతే. గొంతెత్తి చదివితే మాత్రం ఆ హల్లు నాలుగుసార్లు మోగి, ఆ కవి నోట అది ఎలా పలికేదో చెప్పేస్తుంది. తాటాకు మీద గంటం పట్టిన లేఖకుడు అరసున్న ఎగరగొట్టగలడు, ఱ ఉండాల్సిన చోట ర గీసి సాగిపోగలడు. ప్రాసను మార్చాలంటే మాత్రం పద్యాన్నే మళ్లీ కట్టాలి. అంత తీరిక ఏ లేఖకుడికీ లేదు.

ఈ సంగతి మా పెద్దాపురం పొరుగునే, పద్దెనిమిదో శతాబ్దంలో ఒక కవి కనిపెట్టాడు. ఈ కవి కూచిమంచి తిమ్మన, పిఠాపురం దగ్గరి కందరాడవాడు, కుక్కుటేశ్వరుడి భక్తుడు. సంస్కృత పదం తగలకుండా రామాయణమంతా అచ్చతెలుగులో నడిపిన మనిషి. అలాంటివాడికి ప్రతి తెలుగు అక్షరం బరువూ తెలిసే ఉంటుంది. ‘సర్వలక్షణసారసంగ్రహం’లో ఆయన ఒక చిక్కు ప్రశ్న ఎత్తుకున్నాడు. ఇంటింటా పారాయణ చేసే పోతన భాగవతాన్ని లాక్షణికులు ఉదాహరణలకు ఎందుకు తీసుకోలేదు? అందులో రేఫ (ర), శకటరేఫ (ఱ) ప్రాసలో కలిసిపోయాయి గనక. ఆ సాంకర్యం పోతనది కాదు, శిథిలమైన భాగాలను తర్వాత పూరించినవాళ్లది అని తిమ్మకవి వాదం.

ఎంత అందమైన ఆలోచన! భక్తులు కళ్లకద్దుకునే గ్రంథాన్ని పట్టుకుని, ఒక్క హల్లు పలుకును బట్టి ఇది ఒకరి చేయి, అది మరొకరి చేయి అని విడదీయబోవడం. పోతన మీది భక్తే ఆయన చెవిని అంత పదును చేసింది.

ఱ అంటే ఏమిటో ఇవాళ మన నాలుకలు మరిచిపోయాయి. ఊరు వేరు, నీళ్లు ఊఱడం వేరు. మఱి, చెఱువు, నూఱు, గుఱ్ఱం, ఎఱ్ఱన అన్నీ ఆ బరువైన ఱకారంతో పలికిన మాటలే. నన్నయ, తిక్కన ఈ రెండింటినీ ప్రాసలో వేరువేరుగా నిలిపారు. అంతకు ముందు మరో ధ్వని ఉండేది: తమిళులు ఇప్పటికీ నాలుక మడిచి పలికే ఴ. తొలి తెలుగు శాసనాల్లో కనిపించే ఆ అక్షరం నన్నయ భారతం నాటికి లేదు. 1053 నాటి నందంపూడి శాసనం నన్నయ రచనే కావడం మన అదృష్టం. తేదీ ఉన్న రాగిరేకు ఒకటి పక్కనుంటే తేదీ లేని కావ్యానికి కొలత దొరుకుతుంది.

హీబ్రూ పండితులు చేసిందీ ఇలాంటి పనే. బైబిల్లో ‘ప్రసంగి’ గ్రంథాన్ని సంప్రదాయం సొలొమోనుకు కట్టబెట్టింది. అందులో పర్షియన్ నుంచి వచ్చిన మాటలున్నాయి. సొలొమోనుకు శతాబ్దాల తర్వాత గాని పారసీకుల ఏలుబడి ఆ నేల మీదికి రాలేదు. అది సొలొమోను నాటిదే అయితే హీబ్రూ భాషకు చరిత్రే లేదనుకోవాలి అన్న అర్థంలో 1875లో ఫ్రాంజ్ డెలిచ్ రాశాడు. అటు న్యాయాధిపతుల గ్రంథంలోని దెబోరా కీర్తన భాషలో చాలామందికి ఎంతో పాతకాలం వినిపించింది. తేదీలకు ఆనవాలుగా వాళ్లకూ రాతి మీది రాతలు దొరికాయి. 1880లో యెరూషలేము సొరంగంలో బయటపడిన సిలోయము శాసనం వాటిలో ఒకటి. అయితే పాత శైలినీ కొత్త శైలినీ కవులు ఏకకాలంలోనే వాడి ఉండవచ్చు కదా అని ఈ శతాబ్దంలో కొందరు గట్టిగా అడ్డు చెప్పారు.

ఆ అభ్యంతరం మనకూ తగులుతుంది. 1909లో మానవల్లి రామకృష్ణకవి నన్నెచోడుడి కుమారసంభవాన్ని అచ్చువేసి, ఆ శైవకవి నన్నయకన్నా ముందువాడన్నారు. కాదు, తర్వాతివాడే అని చాలామంది వాదించారు. కొందరు భాషను తరచి చూశారు. కోర్లపాటి శ్రీరామమూర్తి అసలు అది ప్రాచీన కావ్యమే కాదు పొమ్మన్నారు. ఒకే కావ్యం, ఒకే భాషాసాక్ష్యం, తీర్పులు మాత్రం శతాబ్దాల దూరంలో. పాత మాటలను ఎవరైనా ఏరి తెచ్చుకోవచ్చు. అందుకే నేను పదాలకన్నా ప్రాసను ఎక్కువ నమ్ముతాను. పదాన్ని కవి ఎంచుకుంటాడు. రెండు ధ్వనుల మధ్య తేడా మాత్రం అతని నోట ఉండాలి, లేదా గురువు దగ్గర నేర్చుకుని ఉండాలి.

తిమ్మకవితో నాకు ఒక్కచోటే పేచీ. ఆయన సాంకర్యాన్ని మచ్చగా చూశాడు. నన్నయకూ పోతనకూ నడుమ నాలుగు శతాబ్దాలున్నాయి. ఆ నడిమి కాలపు శాసనాల్లో ర, ఱలు తారుమారవుతూనే వచ్చాయి. భక్తితో ఒళ్లు మరిచి పాడే కవి, తన ఊళ్లో జనం పలికినట్టే ఆ రెంటినీ ఒక్కటిగా విన్నాడంటే, అందులో పదిహేనో శతాబ్దపు గొంతు వినిపిస్తుంది నాకు. భాగవతంలో ఐదో స్కంధం గంగన అనే కవిది, ఆరోది ఏర్చూరి సింగనది, పదకొండు, పన్నెండు వెలిగందల నారయవి అని ఆ స్కంధాల చివరి గద్యలే చెబుతున్నాయి. కాబట్టి పేర్లున్న ఆ స్కంధాల పక్కన గజేంద్రుడూ వామనుడూ ఉన్న ఎనిమిదో స్కంధాన్ని పెట్టుకుని, ప్రాస దగ్గర ఆగుతూ పైకి చదవాలి. తిమ్మకవి వాదం ఎంతవరకు నిలుస్తుందో తేలేది అక్కడే. ఏ మాటకు ఏ రకారమో సందేహం వస్తే, పిఠాపురం మహారాజు పోషణలో జయంతి రామయ్య పంతులు పూనుకుని మొదలుపెట్టిన సూర్యరాయాంధ్ర నిఘంటువు ఉంది. ఱను అది వదల్లేదు.