డోలి నేర్పిన పాఠము

మన దేశమున కళాకారుని సన్మానించుట మిక్కిలి సులభము. అతని కళను వినుట మాత్రము కష్టము. శాలువ కప్పుటకు ఒక నిమిషము చాలును. డోలి కథ వినుటకు ఓపిక కావలెను, తీరిక కావలెను, అన్నిటికంటె ముఖ్యముగా వినయము కావలెను.

సకిని రామచంద్రయ్యగారు భద్రాద్రి కొత్తగూడెము జిల్లా మణుగూరు మండలములోని కూనవరమున నివసించిన కోయ కళాకారుడు. డోలి వాయించుచు కోయ వీరుల గాథలను, సమ్మక్క సారలమ్మల చరిత్రమును కోయభాషలోను తెలుగులోను గానము చేసి జీవితమంతయు గడపెను. 2022లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నొసగెను. 2024 జూన్ నెలలో ఆయన కాలధర్మము నొందెను. గౌరవమునకును మరణమునకును నడుమ మిగిలినది రెండేండ్ల పైచిలుకు కాలము మాత్రమే.

రెండేండ్ల కొకమారు మాఘమాసమున మేడారమున జరుగు జాతరను చూడని తెలుగు కుటుంబము అరుదు. చిలుకలగుట్ట నుండి సమ్మక్కను, కన్నెపల్లి నుండి సారలమ్మను తెచ్చి గద్దెలపై నిలుపుదురు. పూనుగొండ్ల నుండి పగిడిద్దరాజు, కొండాయి నుండి గోవిందరాజు వత్తురు. మనము జంపన్నవాగులో మునిగి, బెల్లమును బంగారమని సమర్పించి, మ్రొక్కు తీర్చుకొని యిల్లు చేరుదుము. కాని ఆ తల్లి యెవరు, ఏ గట్టునకు చెందినది, ఏ నేలకొరకు పోరినది అని చెప్పు గొంతు యెక్కడిదని మనలో నెందరడిగిరి? ఆ గొంతే డోలి.

ఈ కళను జానపదమని పిలిచి పండితులు దానికి పంక్తిచివర పీట వేయుదురు. ఇది న్యాయము కాదు. కోయలలో మూడవ గట్టు మొదలు ఏడవ గట్టు వరకు గల వంశవిభాగములను, వాని వేల్పులను, పెండ్లి సంబంధముల కట్టుబాట్లను జ్ఞాపకముంచి సమయమునకు వినిపించుట డోలివారి పని. బొమ్మలు గల పడిగె యను వస్త్రము వారి గ్రంథము. పురాణము పంచలక్షణమని మనము చదువుకొంటిమి. ఆ యైదింటిలో వంశము, వంశానుచరితము అను రెండును ఇందు సంపూర్ణముగా నున్నవి. సూతుడు నైమిశారణ్యమున చేసిన పనినే డోలికాడు గోదావరి యడవులలో చేసెను. అతని చేత తాళపత్రము లేదు. అది యొక్కటే భేదము.

పేర్ల పట్టిక విసుగు పుట్టించునని నాగరికు లాక్షేపింతురు. నాకును మొదట నట్లే తోచెను. కాని హోమరు కావ్యమున ఓడల పట్టికను మెచ్చుకొనువారు ఇచ్చట విసుగుకొన నేల? డోలి దెబ్బకును దెబ్బకును నడుమ పడు ప్రతి నామమును వినువారిలో నొకని తాతది. ఆ నామము వినబడినప్పుడు అతడు తన ఉనికిని తానే వినును. ఈ రసమును పది నిమిషముల వేదికలో వెదకుట వ్యర్థము. సభలవారు కథను కత్తిరించి, ఉత్సాహము కలిగించు దరువును మాత్రము వాయింపుమందురు. తాళము మిగులును, చరిత్ర జారిపోవును. మన సన్మానములలోని గొప్పలోప మిదియే.

ఇతర దేశములలోను ఈ కథయే జరిగెను. అమెరికాలో మిసిసిపీ జాన్ హర్ట్ అను నల్లజాతి గిటారు విద్వాంసుడు 1928లో కొన్ని పాటలు రికార్డుల కెక్కించెను. అవి యమ్ముడుపోలేదు. అతడు మరల పొలముపనికి పోయెను. ఆ పాటలలో నొకదానియందు తన ఊరు అవలాన్ అని చెప్పుకొనియుండుట చేత, 1963లో రసికులు ఆ యూరు వెదకికొని పోయి ఆయనను కనుగొనిరి. 1966లో ఆయన మరణించెను. ముప్పదియైదేండ్ల మౌనమునకు మూడేండ్ల చప్పట్లు! మన పన్నెండు మెట్ల కిన్నెర విద్వాంసుడు దర్శనం మొగులయ్యగారును 2022లోనే పద్మశ్రీ పొందిరి. 2024లో ఆయన కూలిపనికి పోవుచున్నట్లు పత్రికలు వ్రాసినవి. బిరుదము గోడకు వ్రేలాడును; కడుపు వ్రేలాడదు.

ఒక తప్పును నేనును ఒప్పుకొనవలెను. ఒకప్పుడు నా తరగతిలో ఒక కోయ బాలుడు తన ఊరి కొలుపును గూర్చి వ్యాసము వ్రాసి, అందు పడిగె అను మాట వాడెను. అది వర్ణదోషమని యెంచి నేను ఎఱ్ఱసిరాతో కొట్టి పడగ అని దిద్దితిని. బాలుడు నోరెత్తలేదు. ఆ వ్యాసమున కచ్చట నుండి నాలుగే పంక్తులు మిగిలెను. పిమ్మట అతడు తన ఊరిని గూర్చి మరల వ్రాయలేదు. పడిగె యననేమో నాకు తెలిసినది చాల యేండ్ల తరువాత. సంస్కృతమును ఆంగ్లమును చదివిన నేను, నా విద్యార్థి యింటిమాటను తప్పని కొట్టివేసితిని. రామచంద్రయ్యగారి కళకు శత్రువు పేదరికమొక్కటియే కాదు, నా చేతి ఎఱ్ఱసిరా కూడ.

2011 జనగణన ప్రకారము కోయభాష మాటలాడువారు నాలుగు లక్షల పైచిలుకు. ఆ బిడ్డలలో కొందరైనను డోలి కథను విని నేర్చుకొనిననే అది బ్రతుకును. అందులకు కావలసినవి గొప్పవి కావు: కథను ఆద్యంతము రికార్డు చేయుట, బడిలో నెలకొకనాడు డోలికానిని గురువుగా కూర్చుండబెట్టి, ఉపాధ్యాయునికి వలెనే వేతన మిచ్చుట, అతని బిడ్డ అదే విద్య నేర్చుకొన్నచో దానిని చదువుగా నెంచుట. వృద్ధుడైన పిదప శాలువ కప్పుట కంటె, యువకుడై యున్నపుడు శిష్యుని నిచ్చుట మేలైన సన్మానము.

ఈమారు మేడారము పోవు గృహస్థులు బెల్లముతో పాటు కొంత తీరికను గూడ వెంట గొనిపోవుదురుగాక. గద్దెల కెడముగా ఏ చెట్టు క్రిందనైన డోలి మ్రోగుచున్నచో, పిల్లలతో కూర్చుండి కథ ముగియువరకు వినుడు.