చరఖా పట్టిన చెయ్యి

సంక్రాంతి రోజుల్లో హైదరాబాద్ పాతబస్తీ మిద్దెల మీంచి ఎగిరే ప్రతి పతంగి వెనకా ఇద్దరుంటారు. ఒకడు మాంజా పట్టుకుని గాలితో తలపడుతుంటాడు. రెండోవాడు, చాలాసార్లు ఆ ఇంటి తమ్ముడో చెల్లో, వెనకాల నిలబడి దారం చుట్టిన చరఖా పట్టుకుంటాడు. "ఢీల్ దే" అంటే దారం వదలాలి, "లపేట్" అంటే చుట్టాలి. పతంగి తెంచిన ఘనత ముందున్నవాడికే పోతుంది గానీ, వెనకవాడు ఒక్క క్షణం ఏమరితే ఆట అక్కడితో సరి.

ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా చదివే పిల్లలకు బండలెక్కడం నేర్పించాలనుకునే బడులకు ముందుగా ఈ చరఖానే గుర్తుచేయాలనిపిస్తుంది. పాతబస్తీ పిల్లలకు ఆ విద్యలో సగం మిద్దె మీదే వచ్చేసింది.

మిగతా సగం నేర్చుకోవడానికి చార్మినార్ నుంచి దాదాపు యాభై కిలోమీటర్లు వెళితే చాలు. భువనగిరి కోట ఉన్నది అయిదు వందల అడుగుల ఏకశిల మీద. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల ఆరో విక్రమాదిత్యుడి బిరుదే ఊరి పేరులో నిలిచింది. ఇప్పుడు ఆ బండ రాక్ క్లైంబింగ్ నేర్చేవాళ్ళకు బడి. సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ మొదటి పాఠాలు నేర్చుకున్నది ఇక్కడే. తర్వాత డార్జిలింగ్‌లోనూ లద్దాఖ్‌లోనూ శిక్షణ పొంది, 2014 మే 25న ఇద్దరూ ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. అందరూ ఎవరెస్టు ఎక్కనక్కర్లేదు. ముప్పై అడుగుల బండ చాలు, నేర్చుకోవలసిన పాఠాలన్నీ అందులోనే ఉన్నాయి.

మొదటి పాఠం ముడి. తాడు కొస నుంచి రెండు మూరలు వదిలి ఎనిమిది అంకె ఆకారంలో ముడి వేస్తారు. ఆ కొసను నడుముకు కట్టిన హార్నెస్‌లోంచి దూర్చి, ముడి వచ్చిన దారినే వెనక్కి నడిపిస్తారు. పూర్తయ్యాక ముడిలో ఎక్కడ చూసినా తాళ్ళు జంటగా, ఒకదాని పక్కన ఒకటి ఒదిగి కనబడాలి, జానెడు కొస మిగలాలి. ఆ తర్వాత ఎక్కేవాడి ముడిని తాడు పట్టేవాడు, తాడు పట్టేవాడి సరంజామాను ఎక్కేవాడు వేలితో తడిమి చూస్తారు. చివరగా శిక్షకుడు చూస్తాడు. ఇలా చూడటాన్ని అనుమానం అనుకోకూడదు. ప్రాణాల మీద ఉన్న గౌరవం అది.

రెండోది అడుగు. కొత్తగా ఎక్కే పిల్లలు భయంతో బండను కావలించుకుంటారు. అక్కడే జారతారు. ఏటవాలు బండ మీద పట్టు చేతుల్లో ఉండదు, పాదాల కింద ఉంటుంది. నడుము బండకు కొంచెం ఎడంగా ఉంచి, మడమ దించి, బరువంతా ముందరి పాదం మీద మోపితే బూటు అడుగు రాతిని కరిచి పట్టుకుంటుంది. రెండు కాళ్ళు, రెండు చేతుల్లో ఎప్పుడూ మూడు ఆనుకునే ఉండాలి, నాలుగోదే కదలాలి. భువనగిరి చుట్టుపక్కల తాటిచెట్లెక్కే గౌడన్నలకు ఇది కొత్త సంగతి కాదు. బరువును మోకు మీదికీ కాళ్ళ మీదికీ పంచుకుంటూ ఎక్కడం వాళ్ళ తాతలనాటి విద్య. 2024లో రాష్ట్ర ప్రభుత్వం గీత కార్మికులకు అందించడం మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కవచంలో ఉన్నదీ ఈ తాడూ హార్నెస్‌ల సూత్రమే.

మూడోది, అన్నిటికన్నా పెద్దది, బిలే. ఎక్కేవాడి నడుము నుంచి బయలుదేరిన తాడు బండపైన బిగించిన కొక్కేల్లోంచి తిరిగి, కింద నిలబడ్డవాడి చేతికి వస్తుంది. పైవాడు అడుగు వేసినకొద్దీ కిందివాడు వదులు లాగేసుకుంటాడు. నడుముకున్న పరికరం రాపిడితో తాడును ఆపుతుంది గానీ, దాని కిందనున్న చెయ్యి మాత్రం తాడును ఎన్నడూ వదలకూడదు. పైనుంచి "వదులు" అంటే ఇవ్వాలి, "బిగించు" అంటే లాగాలి. ఇది ఢీల్, లపేట్ కాక మరేమిటి? ఈ వయసు పిల్లలు తాడు పట్టినప్పుడు శిక్షకుడు పక్కనే ఉంటాడు, తాడు చివర మరొకరు కూడా పట్టుకుంటారు. బక్కపిల్లకు బరువైనవాణ్ణి అప్పగించరు. వాడు జారితే తను గాల్లోకి లేస్తుంది మరి.

తేడా ఒక్కటే. పతంగుల ఆటలో ఎదుటివాడి దారం తెంచడం గొప్ప. బండ దగ్గర పక్కవాడి తాడును కాపాడటం గొప్ప. మార్కులు, ర్యాంకులు మాత్రమే చూసే బడిలో, ఇంకొకరి భద్రత తన చేతిలో ఉందన్న ఎరుక పన్నెండేళ్ళ పిల్లకు ఎక్కడ దొరుకుతుంది?

వద్దనే హక్కు కూడా పిల్లలకు ఉండాలి. దిగేటప్పుడు వీపు లోయవైపు పెట్టి, తాడు మీద వెనక్కి వాలాలి. ఆ మొదటి అడుగు దగ్గర పెద్దవాళ్ళకే కాళ్ళు వణుకుతాయి. "ఇవాళ్టికి ఇంతే సార్" అన్న పిల్లను తోయకూడదు, నవ్వకూడదు. ఆమె చేతికి తాడిచ్చి కింద నిలబెడితే సరి, అదీ పనే.

మొదటిరోజే తాడు పట్టనక్కర్లేదు, ముందు ఊళ్ళోని బండలతో పరిచయం చేసుకోవచ్చు. హైదరాబాద్ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. చార్మినార్‌కూ మక్కా మసీదుకూ ఆ రాయే ఒళ్ళిచ్చింది. 1996లో పుట్టిన సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ మిగిలిన బండలను కాపాడాలని పోరాడుతూ, జనాన్ని వాటి మధ్యకు నడిపిస్తోంది. అలాంటి నడకతో మొదలుపెట్టి, చలికాలంలో భువనగిరికి వెళ్ళవచ్చు. ఎండాకాలం బండ కాలుతుంది, వానకు జారుతుంది.

తిరిగొచ్చిన పిల్లలు వచ్చే సంక్రాంతికి మళ్ళీ మిద్దెక్కుతారు. చరఖా పట్టమంటే ఈసారి మూతి ముడుచుకోరు. అందులో ఎంత పనుందో చేతికి తెలిసొచ్చింది కదా!