ఆముక్తమాల్యదలోని అడవి – నేటి అభయారణ్యము

ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమున యామునాచార్యుడు కుమారునకు చేసిన రాజనీత్యుపదేశము విమర్శకుల మెప్పు పొందినది. అందలి ఆటవికుల ప్రసక్తి మాత్రము ప్రత్యేకముగా విచారింపదగి యున్నది.

రాయల మతము స్పష్టము. సరిహద్దులందలి యడవులను పెంచవలెను. రాజ్యమధ్యమున నున్నవానిని నరికింపవలెను. కొండజనుల తప్పులు వెదకుట మంటిగోడను కడుగుటవంటిది. మాట తప్పక, అన్నము పెట్టి ఆదరించినచో వారు శత్రువులపై నుపకరింతురు. మంటిగోడ యుపమానము లోకానుభవమునుండి పుట్టినది. ఎంత కడిగినను బురదయే వచ్చును. తుదకు గోడయే కరగును. దండోపాయము నిష్ఫలమని ఇంతకంటె సూటిగా చెప్పుట కష్టము. అయినను అందొక లోపము లేకపోలేదు. ఆ పద్యములలో అడవి రాజ్యమునకు కోట, అందలి మనుష్యుడు బంటు. ఆ నేలపై వానికి గల స్వత్వమేమో కవి యడుగలేదు.

ఈ దృష్టి విజయనగరముతో అంతరింపలేదు. చామరాజనగరము జిల్లాలోని బిళిగిరి రంగన కొండలు 1974లో అభయారణ్యమైనవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అచ్చటి సోలిగల వేట, పోడు, ఆకురాలిన కాలమున పెట్టు చిరుమంట నిషేధింపబడినవి. పెక్కు కుటుంబములు తావు మారవలసి వచ్చినది. ఆ మంట మానిన పిదపనే లంటానా పొదలు అడవిని క్రమ్మినవని సోలిగలు చెప్పుదురు. మంట లేతమొక్కలను కాల్చునను అధికారుల భయము నిరాధారము కాదు. కాని ఏ ఋతువున, ఎంత మంట అని యెరిగినవారిని అడుగకుండుట దోషమే గదా!

2006 నాటి అటవీ హక్కుల చట్టము రాయలు విడిచిన ప్రశ్నను చేపట్టినది. 2011లో ఆ కొండలు పులుల సంరక్షణ కేంద్రమైనవి. ఆ యేడే సోలిగ గ్రామసభలకు తేనె, ఉసిరి మున్నగు ఫలసాయముపై సామూహిక హక్కులు గుర్తింపబడినవి. పులియు, మనుష్యుడును ఒకే యడవికి హక్కుదారులని అంగీకరించుట చిన్న మార్పు కాదు.

నల్లమలలో పులుల రక్షణకు చెంచులను కావలివారిగా నియమించుచున్నారు. ఇది మెచ్చదగినదే, కాని రాయల నీతి ఇంతవరకే చెప్పినది. సేవను గ్రహించుట వేరు, స్వత్వము నొప్పుకొనుట వేరు. రాయల కావ్యమును తమదిగా చదువుకొను కర్ణాటకాంధ్రులు ఈ భేదమును గుర్తింపవలెను. అన్నము పెట్టుట దయ. తేనెపట్టుపై హక్కు నంగీకరించుట న్యాయము.