ముదుసలి చూడియావు : ఒక పదవిమర్శ

మన వాఙ్మయమున గోవర్ణనమునకు కొదవ లేదు. కాని మేము పరిశీలించినంతలో ఈనిన ఆవునకు లభించిన ఆదరము ఈనబోవు ఆవునకు లభింపలేదు. అందును వయసు మీరిన చూడియావు కానవచ్చుట మిక్కిలి అరుదు. ఇది కవుల విస్మృతియా, లేక మన వర్గీకరణములోనే లోపము కలదా యనునది ఇచ్చట విచార్యము.

కఠోపనిషత్తు ఆరంభమున వాజశ్రవసుడు దక్షిణగా ఇచ్చుచున్న గోవులను చూచి నచికేతుడు కలతపడును. అవి త్రాగవలసిన నీరు త్రాగి, మేయవలసిన గడ్డి మేసి, ఈయవలసిన పాలిచ్చి ఉడిగినవి. వాని ఇంద్రియరాహిత్యమును శంకరులు ప్రసవసామర్థ్యము లేకపోవుటగా వ్యాఖ్యానించిరి. ఇచ్చట వార్ధక్యమనగా గొడ్డుతనమే.

1909లో ముద్రితమైన కౌటిలీయార్థశాస్త్రమున గోధ్యక్షప్రకరణము మరియొక త్రోవ త్రొక్కినది. నూరు పశువుల మందను ఒకనికి అప్పగించునప్పుడు ముసలియావులు, పాడియావులు, చూడియావులు, పడుచుపెయ్యలు, చిన్నపెయ్యలు సమభాగములుగా ఉండవలెనని అందు నియమము. అనగా తెగకు 20 చొప్పున వచ్చును. పాలకుడు చెల్లింపవలసిన నేయి నియతము గనుక, ఒకనికి పాడియావులే దక్కి, మరియొకనికి ముసలివే మిగులరాదని ఇందలి ఆశయమని మా భావము. లెక్కకు ఇది న్యాయమే. కాని ముసలిదై చూడితో నున్న ఆవును ఏ తెగలో చేర్పవలెను? లెక్కకు ఒక తెగ చాలును. పోషణకు మాత్రము రెండు లక్షణములను గుర్తింపక తప్పదు.

పదునైదవ శతాబ్దివాడగు అనంతామాత్యుని భోజరాజీయమందలి గోవ్యాఘ్రసంవాదమును విమర్శకులు సత్యనిష్ఠకు ఉదాహరణముగా కొనియాడుదురు. మేము అందలి మరియొక గుణమును చూపగోరుదుము. ఆవు తన బిడ్డ వయసు ఏడెనిమిది నాళ్లనియు, అది ఇంకను పూరి మేయనేరదనియు పులితో చెప్పును. వారము దాటని దూడ పాలమీదనే బ్రతుకును గనుక ఈ విన్నపము కేవలకరుణ కాదు, పశుధర్మము నెరిగిన వాదము. ఇంత నేర్పుతో గమనించిన కవియు కథావశమున ఈనిన పిమ్మటి ఆవునే చూపెను.

ఈనుటకు ముందరి భాష గ్రంథముల కంటె రైతుల నోట హెచ్చుగా నిలిచినది. చూడి కట్టుట, పాలు ఎండగట్టుట, పొదుగు దిగుట, ఈనుమోపు, మావి అను మాటలు వరుసగా ఒక పోషణక్రమమునే తెలుపుచున్నవి. సుమారు 280 దినముల గర్భకాలమున కడపటి రెండు నెలలు పాలు పితుకుట మానవలెనను శాస్త్రవిధి పాలు ఎండగట్టుట అను మాటలోనే ఉన్నది.

దీనికి విరుద్ధముగా ఆంగ్లము నుండి మక్కికి మక్కిగా వచ్చిన పదము పాలజ్వరము. ఈనిక సమయమున జున్నుపాలలోనికి సున్నపుధాతువు ఒక్కుమ్మడి పోవుటచే ఈ వ్యాధి కలుగును. తొలిచూలు పెయ్యకు ఇది అరుదు. వయసు మీరిన ఆవు ఎముకలు ఆ ధాతువును త్వరగా విడువలేవు గనుక దానికి అపాయము హెచ్చు. జెర్సీ జాతికి మరింత హెచ్చు. అప్పుడు ఆవు లేవలేక మెడను డొక్కవైపు త్రిప్పుకొని పడియుండును. చెవులు చల్లబడును, ఒడలి వేడిమి హెచ్చుటకు బదులు తగ్గును. జ్వరమను పేరు విన్నవాడు వేడిమికై తడవి చూచి, అది లేదని ఊరకుండిన యెడల, పశువైద్యుడు నరమున కాల్షియము ఎక్కింపవలసిన వేళ దాటిపోవును. ఈనుటకు ముందే కాల్షియమును మితిమీరి మేపుటయు మేలు కాదు. దానిచే ఎముకలనుండి ధాతువును తీసికొను శక్తి మందగించును. ఇట్టి సూక్ష్మమును పాలజ్వరమను పేరు కప్పిపుచ్చుచున్నది.

మేము క్రొత్తపదమును సృష్టింప సాహసింపము. నిఘంటుకర్తలు ఈ పదము చెంత "ఒడలు చల్లబడు వ్యాధి" యని వివరణ చేర్చినను చాలును. పరిశోధకవిద్యార్థులు తమ తమ గ్రామములలో ముదుసలి చూడియావును ఏమని పిలుతురో, దానికి ఏ మేత మాన్పుదురో, ఏ గురుతులచే ఈనిక దాపున నున్నదని ఎరుగుదురో సేకరింపవలెను. ఆ మాటలెరిగిన వృద్ధులు నానాటికి తగ్గుచున్నారు గనుక ఈ పని ఆలస్యమునకు ఓర్వదు.