రాగితీగెయు వెండితీగెయు

గడచిన రెండు మాసములుగా నా సాయంసమయములు ఒక్క ప్రశ్నకే అంకితములైనవి. చెవిలో ఇమిడిపోవు ఇన్-ఇయర్ మానిటర్‌కు, పెట్టెలో దానితోపాటు వచ్చిన కేబుల్‌ను తొలగించి, వేరుగా కొన్నవియు మిత్రులయొద్ద ఎరువు తెచ్చుకొన్నవియు నైన కేబుళ్లను ఒకదాని వెంట ఒకటి తగిలించి, వాటిలో దేనియందు నాదము నిజముగా మారుచున్నదో, దేనియందు మారినట్లు తోచుచున్నదో తేల్చుకొనవలెనని నా సంకల్పము. ఈ కేబుళ్లలో కొన్నింటి వెల మానిటర్ వెలనే మించియుండును. కావున నెలజీతములో సగము వెచ్చింపదలచిన యువకునకు కొనుమనియో కొనవలదనియో చెప్పు బాధ్యతను తేలికగా తీసికొనరాదని నేను నమ్ముదును.

కేబుళ్లను గూర్చి ఒక పరిభాష స్థిరపడియున్నది: రాగి వెచ్చగా పలుకుననియు, వెండి తళుకుగా, కొంత పదునుగా పలుకుననియు, వెండిపై బంగారుపూత పూసినచో ఆ పదునునకు మార్దవము కూడుననియు. ఈ మాటలను నేనును చిరకాలము సందేహింపలేదు. అందులకు కారణము మా యింటి తంబురా. దానిలో మంద్రషడ్జమునకు ఇత్తడితీగెయు, తక్కినవాటికి ఉక్కుతీగెలును బిగించియుండెడివి. ఒకనాడు ఉక్కుతీగె తెగి, మరియొకటి దొరకక, ఆ స్థానమున ఇత్తడితీగె కట్టినప్పుడు శ్రుతి రూపము ఎంతగా మారెనో బాల్యముననే విన్నవాడను. లోహము మారిన గొంతు మారునను నమ్మకము నాకు పుస్తకముద్వారా గాక చెవిద్వారా వచ్చినది. అయితే తంబురాతీగె తానే కంపించును. దాని బరువును బిగువును కలిసి నాదమును పుట్టించును. కేబుల్‌లోని తీగె అట్లు పాడునది కాదు; అది విద్యుత్తును మోయునది మాత్రమే. పాడు తీగెకును మోయు తీగెకును గల ఈ భేదమును నేను చాల ఆలస్యముగా గ్రహించితిని.

మిత్రుడొకడు తన వెండి కేబుల్‌ను వారము దినములకు ఇచ్చెను. దానిని తగిలించి ముందుగా తంబురాశ్రుతి పెట్టితిని. తీగెలకును వాటిని మోయు పలకకును నడుమ దూర్చిన నూలుపోగును సవరించినప్పుడు వెలువడు ఆ ఝుమ్మను అనుస్వరముల గుంపు, పాత కేబుల్‌తో వాకిట నిలిచియుండినది, వెండితో గదిలోనికి వచ్చి కూర్చున్నట్లు వినబడెను. పిమ్మట ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్ పాతరికార్డు వింటిని. కమాను తీగెను తొలుత తాకుచోట ఉండు సన్నని గరుకును, దానితోపాటు రికార్డు బుసయు, రెండును హెచ్చినవి. బుసయు హెచ్చినదను సంగతిని అప్పుడు గమనించితినే కాని దాని అర్థమును విచారింపలేదు. ఆ రాత్రి నా దినచర్యలో వెండి గొప్పదని వ్రాసికొంటిని.

మరునాడు ఈ సంగతి మా మేనల్లునితో చెప్పితిని. అతడు ఎలక్ట్రానిక్స్ చదివినవాడు, అంతయు ఓపికతో విని ఒక్క ప్రశ్న వేసెను: "మావయ్యా, వెండా రాగా అన్నది తరవాత చూద్దాం. రెండు కేబుళ్ల రెసిస్టెన్స్ ఎంతో కొలిచారా?" కొలువలేదంటిని. మల్టీమీటర్ మొనలను ముందుగా ఒకదానికొకటి తాకించి, వాటి సొంత నిరోధమును తీసివేయుటకు గుర్తుంచుకొని, కొలిచితిమి. పోకరాకలు కలిపి పాత సన్నకేబుల్ సుమారు 1 ఓము, లావైన వెండి కేబుల్ సుమారు 0.3 ఓము. నా మానిటర్‌లో అనేక బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ డ్రైవర్లు కలవు. వాటిమధ్య స్వరములను పంచు క్రాస్‌ఓవర్ కలదు. అందువలన దాని అవరోధము అన్ని పౌనఃపున్యములయందును సమముగా ఉండదు, మధ్యస్థాయిలో 40 ఓములకు సమీపముగను, ఉచ్చస్థాయిలో 8 ఓములకు సమీపముగను ఉండును. కేబులును మానిటరును వరుసలో నిలిచి వోల్టేజీని తమ తమ పరిమాణమును బట్టి పంచుకొనును గనుక, సన్నకేబుల్ తీసి లావుకేబుల్ పెట్టినచో మధ్యస్థాయిలో సుమారు 0.15 డెసిబెలును, ఉచ్చస్థాయిలో సుమారు 0.7 డెసిబెలును హెచ్చును. కమాను గరుకును రికార్డు బుసయు ఒకేసారి హెచ్చుటకు కారణము ఇదియే. ఇక ఇందులో వెండి చేసిన ఉపకారమెంత? విద్యుత్తును మోయుటలో వెండి రాగికన్న మిక్కిలి స్వల్పముగా, నూటికి ఆరు పాళ్లు మాత్రమే, మేలైనది. అంతే లావుగల రాగియైనచో 0.3 ఓముకు బదులు 0.32 ఓము ఉండియుండును. తక్కిన భేదమంతయు తీగె లావు చేసినది. బంగారమో, రాగికన్నను తక్కువ వాహకము. ఆ పూత తుప్పును ఆపునే కాని మార్దవమును తేలేదు.

లెక్క ఎంత చక్కగా కుదిరినను చెవి ఒప్పుకొనవలెను గదా. ఇక్కడ కష్టములు మొదలైనవి. కేబుల్ మార్చుటకు ఒక నిమిషము పట్టును. అంతలో పూర్వనాదపు సూక్ష్మస్మృతి చెదరిపోవును. మానిటర్‌ను తీసి మరల చెవిలో పెట్టినప్పుడు సిలికాన్ టిప్ ఒక వెండ్రుకవాసి ఎడముగా కూర్చున్నను మంద్రము జారిపోవును, లోతు మారినచో ఉచ్చస్థాయిలోని శిఖరము స్థానము మారును. ఈ మార్పులు నేను వెదకుచున్న సగము డెసిబెల్‌కన్న ఎన్నో రెట్లు పెద్దవి. కన్నులు మూసికొన్నను చెవి వెనుక వ్రేలాడు బరువే అది ఏ కేబులో చెప్పివేయును. ఈ చిక్కులన్నింటికిని మా మేనల్లుడు ఒక చిన్నపెట్టె కట్టి పరిష్కారము చూపెను. రెండు కేబుళ్ల చివరలును ఆ పెట్టెకు చేరును. అందుండి ఒకే పొట్టితీగె నా చెవులకు వచ్చును. స్విచ్చి అతని చేతిలో ఉండును. 1982లో డేవిడ్ క్లార్క్ ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికయందు వివరించిన ఏబీఎక్స్ పరీక్షావిధానమునకు ఇది మా యింటి అనుకరణము: ఇది మొదటిదా రెండవదా యని ప్రతిపర్యాయమును నేను చెప్పవలెను. సన్నకేబుల్‌ను వెండినుండి తంబురాశ్రుతిపై ఇరువది పర్యాయములలో పదునెనిమిది మారులు సరిగా గుర్తించితిని. వెండిని అంతే లావుగల రాగినుండి గుర్తింపబోయి, ఇరువదింట పదకొండు మారులు సరిగా చెప్పితిని; అది బొమ్మాబొరుసులకు సమానము. పిమ్మట లావురాగికి వరుసగా ఎడమకొకటి కుడికొకటిగా 0.68 ఓముల చిన్న నిరోధకము కలిపి సన్నకేబుల్‌తో పోల్చగా, ఆ రెంటికిని భేదము నాకు దొరకనేలేదు. నేను వెండి గొంతని వ్రాసికొన్నది, బజారులో రూపాయలలో దొరకు నిరోధకపు ముక్కతో తొలగిపోవునదియు తిరిగివచ్చునదియు నైనది.

ఈ సత్యము నాకు దుఃఖము కలిగింపలేదు. పైగా మరియొక చిక్కు విడినది. ఇదే వెండి కేబుల్ తన మానిటర్‌కు మంద్రమును నింపుచున్నదని నా మిత్రుడు ప్రమాణముచేసి చెప్పుచుండును. నాకో అది ఉచ్చస్థాయిని వెలిగించెను. ఇద్దరిలో ఒకరు భ్రమించుచున్నామని ఇంతకాలము వాదులాడితిమి. అవరోధము ఎక్కడ కనిష్ఠమో అక్కడ లావుతీగె ఎక్కువ మేలు చేయును. అతని మానిటర్‌లో ఆ కనిష్ఠస్థానము మంద్రమున ఉన్నచో అతడు విన్నది అతనికి నిజము, నేను విన్నది నాకు నిజము. ఒకే డైనమిక్ డ్రైవర్‌గల మానిటర్‌లో అవరోధము ఇంచుమించు సమముగా ఉండును గనుక, అక్కడ కేబుల్ మార్చినచో స్వరపురంగు మారదు, బిగ్గరదనము మాత్రము రవంత పెరుగును. ఆ రవంత పెరుగుటనే మనస్సు "స్పష్టత" యని పిలుచును. 4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ ప్లగ్ గల కేబుల్‌నకు మారినవారు ఇంకను జాగ్రత్తపడవలెను: అనేక ఆంప్లిఫయర్లలో ఆ మార్గమున వోల్టేజీ రెట్టింపగును, మెచ్చుకొనవలసినది ఆంప్లిఫయర్‌నే కాని తీగెను కాదు.

దీర్ఘస్ఫటిక రాగిని గూర్చియు అడుగుచుందురు. చిబా సాంకేతిక విద్యాసంస్థయందలి ఆచార్యుడు అత్సుమి ఓనో, కరగిన లోహమును వేడిచేసిన అచ్చుగుండ లాగి, స్ఫటికములు ఒకే దిశగా పెరుగునట్లు చేసిన పోతపద్ధతి గొప్ప లోహశాస్త్రవిజయము. కాని గదివేడిమియందు రాగినిరోధమునకు ముఖ్యకారణము పరమాణువుల కంపనమే గనుక స్ఫటికపు అంచులు తగ్గినందువలన దక్కు లాభము అత్యల్పము. సన్నని పోగులకు వేరువేరుగా పూతపూసి పేనిన లిట్జ్ తీగెల మాటయు అంతే: 20 కిలోహెర్ట్జులవద్ద కూడ రాగిలో విద్యుత్తు అర మిల్లీమీటరుకు సమీపమైన లోతువరకు ప్రవహించును, మన కేబుల్‌లోని పోగులు అంతకన్న మిక్కిలి సన్ననివి.

కేబుల్ తానుగా చేయు శబ్దము ఒకటి మాత్రము కలదు. దానిని గూర్చి ఎవరును తగినంత మాటలాడరని నా విచారము. నడచునప్పుడు చొక్కా కాలరుపై తీగె రాసుకొన్నచో ఆ రాపిడి తీగెవెంబడి ప్రాకి, సంగీతమాపినను, గరగరమని చెవిలో మ్రోగును. బిరుసుతొడుగుగల కేబుల్ ఎంత శుద్ధమైన వెండియైనను ఈ గరగరతో పల్లవి తొలివిడుపును మింగివేయును. మెత్తనితొడుగుగల సామాన్యపు రాగికేబుల్, చెవిపైగా త్రిప్పి వెనుకకు వదలినచో, నిశ్శబ్దముగా ఉండును. నా దృష్టిలో కేబుల్‌నకు అవశ్యములైన గుణములు మూడు: తగిన లావు, మెత్తదనము, వదులుకాని పిన్ను. మాటిమాటికి మార్చినకొలది 0.78 మిల్లీమీటర్ల ఆ రెండు పిన్నులు కూర్చుండు గుంతలు వదులై, నాదము ఒకవైపున తెగి తెగి వచ్చును. ఈ రెండు మాసముల పరీక్షలో నా ఎడమ మానిటర్ ఆ స్థితికి వచ్చినది, బాగుచేయింపవలసియున్నది.

వెండి కేబుల్‌ను మిత్రునకు తిరిగి యిచ్చితిని. దాని సంచిలో 0.3 ఓము అని వ్రాసిన చీటీని, నేను కొన్న లావురాగిని కూడ ఉంచితిని. అతడు ఫోనులో చాలసేపు మాటలాడలేదు, పిమ్మట, "రాగి కూడా మంద్రం నింపుతుందా అన్నయ్యా?" అని అడిగెను. వచ్చు ఆదివారము ఆ చిన్నపెట్టె తీసికొని వారి యింటికి పోవుచున్నాము. స్విచ్చి పట్టుకొని కూర్చుండుటకు మా మేనల్లుడు ఒప్పుకొన్నాడు.